మురుగు కాలువకు ఏ డబ్బు మంచిది? చెన్నై శివారు కాలనీలు తూచి చూసుకోవలసిన మార్గాలు

చెన్నై నగరపాలక సంస్థలో 2011లో 42 స్థానిక సంస్థలు విలీనమయ్యాయి. అంబత్తూరు, ఆలందూరు, మాధవరం, తిరువొత్తియూరు వంటి ఊళ్లన్నీ చేరడంతో 174 చదరపు కిలోమీటర్ల నగరం 426 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. నీరు, మురుగునీరు మాత్రం 1978 నుంచి మరో సంస్థ బాధ్యత. మనం మెట్రో వాటర్ అని పిలిచే బోర్డు అదే. కొత్తగా కలిసిన ప్రాంతాలకు భూగర్భ మురుగు కాలువలు ఒక్కొక్కటిగా వస్తున్నాయి. ఇంకా రాని వీధులకు సెప్టిక్ ట్యాంకు, దాన్ని ఖాళీ చేసే లారీ తప్ప వేరే దారి లేదు. పథకం తమ వీధికి వచ్చే సమయానికి కాలనీ సంక్షేమ సంఘాలు రెండు ప్రశ్నలకు సిద్ధంగా ఉండాలి: పని మొదలుకాక ముందే ఇంటికి ఇంత అని అడిగే డిపాజిట్ ఎంత కట్టగలం, నెలకు ఎంత కట్టగలం. ఇలాంటి సమావేశాలలో మన తెలుగు కుటుంబాలు తమిళం ధారాళంగా రాదనో, ఇది అధికారులు చూసుకోవలసిన పని అనో వెనుక కుర్చీలలో కూర్చోవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ ప్రశ్నలకు ఆలోచించి జవాబు చెప్పడానికి పనికివస్తుందని ఈ పోలిక రాస్తున్నాను.

డబ్బు ఎక్కడి నుంచి తేవాలో అడిగే ముందు దేనికి కావాలో విడదీయాలి. మురుగునీటి వ్యవస్థకు మూడు రకాల ఖర్చులు ఉంటాయి. మొదటిది గొట్టాలు పరిచి, మ్యాన్‌హోళ్లు కట్టి, శుద్ధి కేంద్రం నిలబెట్టే ఖర్చు, ఇది ఒక్కసారి పెట్టేది. రెండవది యంత్రాలు అరిగిపోయినప్పుడు మార్చే ఖర్చు. కేంద్ర ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ మార్గదర్శకాలు మురుగు గొట్టాలను 30 ఏళ్ల అవసరానికి, పంపు యంత్రాలను 15 ఏళ్ల అవసరానికి లెక్కగట్టి రూపొందించమంటాయి. అంటే ఒక గొట్టం పనిచేసే కాలంలో దానికి నీరు తోడే పంపును కనీసం ఒకసారి కొత్తగా కొనవలసి వస్తుంది. మూడవది కరెంటు, జీతాలు, మరమ్మతులు, పూడిక తీత. ఈ ఖర్చు రోజూ ఉంటుంది. ప్రారంభోత్సవ శిలాఫలకం మీద మొదటి ఖర్చు ఒక్కటే కనిపిస్తుంది. వ్యవస్థ బతకడం, చావడం మాత్రం మూడవ ఖర్చు మీద ఆధారపడి ఉంటుంది.

ఈ మూడవ ఖర్చు చెన్నైలో మరీ ముఖ్యం. బెంగళూరు గట్ల మీద, లోయల మీద పెరిగిన ఊరు కాబట్టి వృషభావతి, కోరమంగళ–చల్లఘట్ట, హెబ్బాళ లోయల వాలును అనుసరించి మురుగునీటిలో చాలా భాగం దానంతటదే పారుతుంది. చెన్నై సముద్రమట్టానికి కాస్త ఎత్తున పళ్లెంలా పరుచుకున్న ఊరు. ఇక్కడ గొట్టం కొంత దూరం వాలుగా దిగిన తర్వాత నీటిని పంపుతో పైకి ఎత్తి మళ్లీ వాలులో వదలాలి. కొడుంగయ్యూరు, కోయంబేడు, నెసపాక్కం, పెరుంగుడి శుద్ధి కేంద్రాలకు చేరేలోపు ఆ నీరు ఒకటికి మించిన పంపింగ్ స్టేషన్లు దాటవచ్చు. కరెంటు బిల్లు కట్టలేని రోజున, మోటారు కాలిపోయి మార్చడానికి డబ్బు లేని రోజున నీరు మన మ్యాన్‌హోల్ మూతలోంచే బయటికి వస్తుంది. అందువల్ల ఏ మార్గాన్ని తూచినా, ఆ డబ్బు పంపు నడిచే ఏడవ ఏటికి, పదవ ఏటికి ఏమి మిగులుస్తుందో అడగడమే నా కొలత.

కట్టడానికి తెచ్చే డబ్బు

అందరికీ నచ్చేది ప్రభుత్వ గ్రాంటు, ఎందుకంటే దాన్ని తిరిగి కట్టనక్కరలేదు. కాని పెద్ద నగరానికి వచ్చే గ్రాంటు ఎప్పుడూ ఖర్చులో ఒక భాగమే. 2021 అక్టోబరు 1న మొదలైన అమృత్ 2.0 పథకంలో కేంద్రం వాటా లక్షలోపు జనాభా ఉన్న పట్టణానికి 50 శాతం, లక్ష నుంచి పది లక్షల వరకు మూడింట ఒక వంతు, పది లక్షలు దాటిన నగరానికి 25 శాతం. చెన్నై ఈ చివరి వర్గంలోకి వస్తుంది. మిగతా మొత్తాన్ని రాష్ట్రం, స్థానిక సంస్థ కలిసి తెచ్చుకోవాలి. గ్రాంటుకు మరో పరిమితి ఉంది. అది కట్టడానికి వస్తుంది గాని నడపడానికి రాదు. గ్రాంటుతోనే అంతా అయిపోతుందని నమ్మి నెలవారీ రుసుము గురించి మాట్లాడకుండా మొదలుపెట్టిన పని నాకు అన్నిటికంటే ఎక్కువ భయం కలిగిస్తుంది.

రెండవది జపాన్ ప్రభుత్వ సహాయ సంస్థ జైకా, ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు వంటి సంస్థల దీర్ఘకాల రుణం. వడ్డీ తక్కువ, గడువు ఎక్కువ, గొట్టం ఆయువుకు బాగా సరిపోతుంది. బెంగళూరులో 2007లో కలిసిన 110 గ్రామాలకు నీరు, మురుగు వసతి కోసం జైకా రుణ ఒప్పందం 2018 జనవరిలో జరిగింది, ఆ పథకంలోని కావేరి ఐదవ దశ నీళ్లు 2024 అక్టోబరులో ప్రారంభమయ్యాయి. ఒక్క వీధికో, ఒక్క వార్డుకో ఇటువంటి డబ్బు రాదు. పెద్ద పథకానికే వస్తుంది, నిదానంగా వస్తుంది. పైగా ఈ రుణం కేంద్రం చేతుల మీదుగా అవే షరతులతో రాష్ట్రానికి చేరుతుంది కాబట్టి రూపాయి విలువ పడితే ఆ భారం రాష్ట్రం మీదే పడుతుంది. పెద్ద శుద్ధి కేంద్రాలకు, ప్రధాన గొట్టాలకు నేను దీనినే మొదట చూస్తాను.

మూడవది బాండ్లు, అంటే మదుపుదారులకు అప్పు పత్రాలు అమ్మి డబ్బు తేవడం. దేశంలో తొలి మునిసిపల్ బాండ్లను 1997లో 125 కోట్ల రూపాయలకు జారీ చేసింది బెంగళూరు నగరపాలక సంస్థే. వాటికి రాష్ట్ర ప్రభుత్వం పూచీ ఇచ్చింది. విడివిడిగా మార్కెట్టుకు వెళ్లలేని చిన్న పట్టణాలు కొన్నింటిని తమిళనాడు ఒకచోట కలిపి, ఉమ్మడి నిధి ద్వారా 2002–03లో సుమారు 30 కోట్ల బాండ్లు జారీ చేసింది. చెన్నై కార్పొరేషన్ 2025 మేలో 200 కోట్లను 7.97 శాతం వడ్డీకి, పదేళ్ల గడువుకు సేకరించింది. ఆ డబ్బు కొడుంగయ్యూరు చెత్త దిబ్బ తొలగింపుకు ఉద్దేశించినది. బాండ్లలో నాకు నచ్చే గుణం పారదర్శకత: లెక్కలు సమయానికి ఆడిట్ కావాలి, క్రెడిట్ రేటింగ్ తెచ్చుకోవాలి, అప్పు తీర్చే డబ్బు ముందుగానే ప్రత్యేక ఖాతాలో పడాలి. నచ్చనిది గడువు. ముప్పై ఏళ్ల గొట్టానికి పదేళ్ల అప్పు తెస్తే, దాన్ని ముప్పై ఏళ్లు వాడుకునే వారి బాకీ అంతా మొదటి పదేళ్ల కుటుంబాలే తీర్చినట్టు అవుతుంది.

నాలుగవది ప్రైవేటు భాగస్వామ్యం. గంగానది ప్రక్షాళన పథకమైన నమామి గంగే కింద శుద్ధి కేంద్రాలకు వాడిన హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలో నిర్మాణ ఖర్చులో 40 శాతం పని జరిగేటప్పుడు చెల్లిస్తారు. మిగిలిన 60 శాతాన్ని, దాని మీద వడ్డీని, నిర్వహణ ఖర్చును 15 ఏళ్ల పాటు పనితీరు చూసి చెల్లిస్తారు. కట్టినవాడే నడపాలి కాబట్టి నాసిరకం యంత్రం పెట్టి వెళ్లిపోయే ఆశ తగ్గుతుంది. అయితే గుత్తేదారు తెచ్చుకునే అప్పు ప్రభుత్వ అప్పు కంటే ఖరీదైనది, ఆ తేడా చివరికి మన రుసుములోకే వస్తుంది. శుద్ధి కేంద్రంలోకి వచ్చే నీటిని, బయటికి పోయే నీటిని కొలవవచ్చు కాబట్టి అక్కడ ఈ పద్ధతి పనికివస్తుంది. వీధి గొట్టాలలో ఏ చోట ఎవరి తప్పు వల్ల పూడిందో తేల్చడం కష్టం కాబట్టి అక్కడ ఇది వద్దని నా అభిప్రాయం.

ఆలందూరు చూపిన దారి

ఐదవ మార్గం ప్రజల డిపాజిట్. దీనికి మన కళ్ల ముందే ఉదాహరణ ఉంది. విమానాశ్రయం పక్కన, పరంగిమలై పాదాల దగ్గర ఉన్న ఆలందూరు 1990లలో విడి మునిసిపాలిటీ, అక్కడ భూగర్భ మురుగు కాలువ లేదు. అప్పటి మునిసిపల్ చైర్మన్ ఆర్.ఎస్. భారతి నాయకత్వంలో మునిసిపాలిటీ నివాస సంఘాలను కూడగట్టి, పని మొదలుకాక ముందే ఇంటికి 5,000 రూపాయల చొప్పున, వ్యాపార సంస్థలకు 10,000 చొప్పున డిపాజిట్ అడిగింది. సుమారు 34 కోట్ల పథకంలో దాదాపు 8 కోట్లు ఇలా వచ్చాయి. మిగిలిన దానిలో ఎక్కువ భాగం రాష్ట్ర పట్టణాభివృద్ధి ఆర్థిక సంస్థల రుణం, కొంత గ్రాంటు. ఇళ్లకు నెలవారీ రుసుము 150 రూపాయలుగా ముందే నిర్ణయించారు. గొట్టాల పనిని 2000లో దక్కించుకున్నది మన హైదరాబాదు సంస్థ ఐవీఆర్‌సీఎల్. శుద్ధి కేంద్రాన్ని ప్రైవేటు సంస్థ కట్టి, కొంతకాలం నడిపి, తిరిగి అప్పగించే పద్ధతిలో నిర్మించారు.

ఇక్కడ గమనించవలసింది ఆ 8 కోట్లు ఒక్కటే కాదు. డిపాజిట్ కట్టిన ఇల్లు పని ఆగిపోతే ఊరుకోదు, వెళ్లి నిలదీస్తుంది. అప్పిచ్చేవారికి కూడా ఈ జనం నెలనెలా కట్టగలరన్న రుజువు దొరుకుతుంది. గొట్టం పడిన తర్వాత ఇంటి కనెక్షన్ తీసుకోకుండా సెప్టిక్ ట్యాంకుతోనే కాలం గడిపే ఇళ్లు తగ్గుతాయి. కనెక్షన్లు తక్కువైతే గొట్టంలో పారే నీరు చాలక మడ్డి పేరుకుంటుంది, రుసుము కట్టేవారు తక్కువై బోర్డుకు నష్టం వస్తుంది. అందువల్ల డిపాజిట్ కట్టిన ఇళ్ల వంతును నేను ఆ పథకానికి తొలి ఆరోగ్య పరీక్షగా భావిస్తాను.

డిపాజిట్‌లో అన్యాయం జరిగే చోటు కూడా ఉంది. ఒకేసారి పెద్ద మొత్తం కట్టలేని కుటుంబాలకు వాయిదాలు ఇవ్వాలి; గుడిసెల ప్రాంతాలకు మినహాయింపో, ఉమ్మడి కనెక్షనో పథకంలోనే రాసి ఉండాలి. అద్దె ఇళ్లలో ఈ మొత్తాన్ని యజమాని కట్టాలి, ఎందుకంటే కనెక్షన్ వల్ల విలువ పెరిగేది ఆయన ఆస్తికే. మన ఊళ్ల నుంచి ఉద్యోగానికి వచ్చి రెండు మూడేళ్లు ఉండి వెళ్లే పిల్లల మీద ఇంటి అడ్వాన్సులో కలిపి దీన్ని వేయడం న్యాయం కాదు.

లెక్క వేసి చూస్తే

వాస్తవ పథకం కాకుండా, పోలిక కోసం ఒక లెక్క వేసుకుందాం. 30,000 ఇళ్లకు 100 కోట్ల పని అనుకుందాం. మొత్తం అప్పే తెచ్చి 8 శాతం వడ్డీతో 20 ఏళ్లలో సమాన వాయిదాలుగా తీర్చాలంటే ఏటా 10.19 కోట్లు కావాలి. ఇంటికి నెలకు 283 రూపాయలు. ఇరవై ఐదు శాతం గ్రాంటు వచ్చి, ఇంటికి 5,000 చొప్పున 15 కోట్ల డిపాజిట్ పోగైతే అప్పు 60 కోట్లకు తగ్గుతుంది, నెలవారీ భారం 170 రూపాయలు. ఇదే 60 కోట్లను పదేళ్లలో తీర్చాలంటే 248 రూపాయలు అవుతుంది. వడ్డీ శాతంతో పాటు గడువు కూడా ఎందుకు చూడాలో ఈ తేడాయే చెబుతుంది.

ఇప్పుడు నడిపే ఖర్చు ఏటా 4 కోట్లు అనుకుంటే ఇంటికి నెలకు 111 రూపాయలు. వంద కోట్లలో 20 కోట్లు యంత్రాలవి అయితే, పదిహేనేళ్లకు వాటిని మార్చడానికి వడ్డీ ఊసు లేకుండా పక్కన పెట్టినా నెలకు 37 రూపాయలు. అప్పు వాయిదా 170తో కలిపితే మొత్తం 318 రూపాయలు. నిర్మాణమంతా ఉచితంగా జరిగిందనుకున్నా 148 రూపాయలు నెలనెలా ఎవరో ఒకరు కట్టక తప్పదు. మీ ప్రాంతపు పథకం నివేదికలోని అంకెలను ఇదే వరుసలో వేసి చూడండి. నడిపే ఖర్చు, యంత్రాల మార్పిడి ఖర్చు విడిగా చూపించని నివేదిక చేతికి వస్తే, డిపాజిట్ ఎంతో చర్చించే ముందు ఆ రెండు అంకెలు అడగండి.

నడపడానికి వచ్చే డబ్బు

చెన్నైలో నీటి, మురుగునీటి పన్ను ఇంటి వార్షిక విలువలో (ఏడాదికి ఆ ఇంటికి రాగల అద్దె అంచనాలో) 7 శాతం. దానికి తోడు నెలవారీ చార్జీలు ఉంటాయి; ఎక్కువ ఇళ్లకు మీటర్లు లేవు. విలువను బట్టి వేసే పన్నుకు రెండు మంచి గుణాలున్నాయి: పెద్ద ఇల్లు ఎక్కువ కడుతుంది, వానలు పడినా పడకపోయినా ఆదాయం నిలకడగా ఉంటుంది. కాని వార్షిక విలువలను సవరించకపోతే ఆదాయం అక్కడే నిలిచిపోతుంది. చెన్నైలో ఆస్తి పన్ను సాధారణ సవరణ 1998 తర్వాత మళ్లీ 2022లోనే జరిగింది. ఆ ఇరవై నాలుగేళ్లలో కరెంటు ధర, జీతాలు, గొట్టాల ధర ఎక్కడా ఆగలేదు.

బెంగళూరులో నీటికి మీటర్లు ఉన్నాయి, మురుగు చార్జీ నీటి బిల్లుతోనే వస్తుంది. వాడినంత కట్టడం న్యాయమే. కాని అక్కడ కూడా 2014 తర్వాత 2025 ఏప్రిల్ వరకు ధరలు మారలేదు. ఆ సవరణతో పాటు ఇకపై ఏటా 3 శాతం పెంపు ఉంటుందని ప్రకటించారు. బోరుబావి నీళ్లు, ట్యాంకరు నీళ్లు వాడే ఇల్లు మీటరు ప్రకారం తక్కువ వాడినట్టు కనిపించినా దాని మురుగు మాత్రం అంతే వస్తుంది. కనుక శివారు చెన్నైలాగా బోరు మీద ఆధారపడ్డ చోట, మీటరు రీడింగు ఒక్కదాని మీదే మురుగు చార్జీ వేయకూడదు. పన్నులో ఒక భాగం, స్థిరమైన నెలవారీ రుసుములో ఒక భాగం ఉండి, ఏటా చిన్న పెంపు ముందే రాసి ఉన్న పద్ధతిని నేను సమర్థిస్తాను. పదేళ్లకోసారి ఒక్కసారిగా రెట్టింపు చేసే పద్ధతి కంటే అది పేదకుటుంబానికి తట్టుకోగలిగినది.

శుద్ధి చేసిన నీటిని అమ్మడం మరో ఆదాయం. ఇందులో చెన్నై దేశానికే ముందు నడిచింది. మణలిలోని చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల కర్మాగారం 1990ల నుంచే నగర మురుగునీటిని కొని తమ అవసరానికి శుద్ధి చేసుకున్నాయి. తర్వాత కొడుంగయ్యూరులో, కోయంబేడులో రోజుకు 4.5 కోట్ల లీటర్ల చొప్పున శుద్ధి చేసే ఆర్ఓ కేంద్రాలు 2019లో వచ్చాయి. మొదటిది మణలి పరిశ్రమలకు, రెండవది శ్రీపెరుంబుదూరు, ఒరగడం వైపు పారిశ్రామిక వాడలకు నీరిస్తుంది. ఈ మార్గం పరిశ్రమలు దగ్గరగా ఉన్నచోటే కలిసివస్తుంది. మంచి వానలు పడి చెరువులు నిండిన ఏడు కొనేవారు వెనకాడవచ్చు, కాబట్టి కనీస కొనుగోలు హామీ ఒప్పందంలో ఉండాలి. బెంగళూరు ఇదే నీటిని రోజుకు 44 కోట్ల లీటర్ల వరకు కోలారు చెరువులకు పంపే పథకం పెట్టుకుంది; భూగర్భ జలాలకు అది గొప్ప మేలు, కాని మురుగు కాలువ బడ్జెట్టుకు పెద్ద ఆదాయం కాదు. కొత్త భవనాల నుంచి వసూలు చేసే మౌలిక సదుపాయాల రుసుము విషయంలో ఒక్క మాట చాలు: అది కట్టడాల జోరును బట్టి పెరిగి తగ్గుతుంది కాబట్టి జీతాలకు, కరెంటుకు దాన్ని నమ్ముకోకూడదు.

బడ్జెట్టులో మొదట వెతకవలసిన పద్దు

చెన్నై పారిశుద్ధ్య కార్మికులలో తరాల క్రితం ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మ్యాన్‌హోల్ దగ్గర మనకు వినిపించే మాట చాలాసార్లు మన భాషే. మనిషిని మురుగు గొట్టంలోకి రక్షణ లేకుండా దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. అలాంటి మరణాలకు 10 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. పరిహారం తర్వాతి సంగతి, అసలు ఎవరూ దిగనక్కరలేకుండా చేయడానికి ఖర్చు పెట్టాలి. నీటిని జోరుగా చిమ్మి పూడిక వదిలించే జెట్టింగ్ యంత్రాలు, పూడిక లాగే లారీలు, విషవాయువును కనిపెట్టే పరికరాలు, వాటిని నడిపే శాశ్వత సిబ్బంది కోసం విడి పద్దు ఉండాలి. నిర్వహణను గుత్తకు ఇచ్చినా ఆ పద్దు ఒప్పందంలో కనిపించాలి. రుసుము తగ్గించమని మనం పట్టుబట్టినప్పుడు మొదట కోత పడేది ఇటువంటి పద్దు మీదనే, ఆ కోత ఎవరి ప్రాణం మీదికి వస్తుందో మనకు తెలుసు. అందుకే నెలకు ఇరవై, ముప్పై రూపాయలు తక్కువ అన్న కారణంతో ఈ పద్దు లేని ప్రతిపాదనను ఎంచుకోవద్దని నేను గట్టిగా కోరుతున్నాను.

ఎవరికి ఏది

మీ కాలనీ ఇళ్లతో నిండిపోయి, దగ్గరలో మెట్రో వాటర్ ప్రధాన గొట్టం ఉంటే, ఆలందూరు తరహాలో డిపాజిట్, దీర్ఘకాల రుణం, గ్రాంటు కలిపిన పథకం అడగండి. గ్రాంటు పూర్తిగా వచ్చేదాకా ఆగుదామనే వారికి, ఆ ఆగిన ఏళ్లలో లారీలకు మీరు పెట్టే ఖర్చును నెలవారీగా లెక్కగట్టి చూపండి. ప్రధాన గొట్టం ఇంకా చాలా దూరంలో ఉంటే డిపాజిట్‌కు తొందరపడవద్దు. పెద్ద రుణ పథకంలో మీ ప్రాంతం ఏ దశలో ఉందో ముందు రాతపూర్వకంగా తెలుసుకోండి, అంతవరకు లారీ తీసుకెళ్లిన మడ్డి శుద్ధి కేంద్రానికే చేరుతోందో లేదో చూసుకోండి. వీధిలో వాననీటి కాలువ ఉంది కదా, మురుగును అందులోకి కలుపుదామనే సలహా ఎవరిచ్చినా ఒప్పుకోవద్దు. ఆ కాలువ కార్పొరేషన్ బడ్జెట్టులోది, మురుగు గొట్టం బోర్డు బడ్జెట్టులోది. రెండూ కలిస్తే వానాకాలంలో మురుగు ఇంట్లోకి వస్తుంది, బాగుచేసే బాధ్యత ఎవరిదో తేలదు. పక్కన పారిశ్రామిక వాడ ఉన్న ప్రాంతమైతే, శుద్ధి చేసిన నీటి అమ్మకం ద్వారా వచ్చే ఆదాయంలో ఎంత భాగం స్థానిక పంపింగ్ స్టేషన్ల నిర్వహణకు జమ అవుతుందో అడగండి.

డిపాజిట్ చెక్కు రాసే ముందు ఆ డబ్బు ఏ బ్యాంకు ఖాతాలో పడుతుందో, ఆ ఖాతా ఈ పనికే ప్రత్యేకమైనదో కాదో, ఫలానా తేదీలోపు పని మొదలుకాకపోతే డబ్బు వెనక్కి వస్తుందో లేదో రసీదు వెనుకనైనా రాయించుకోండి.